జేబురుమాలు మాహాత్మ్యం

ఇప్పటిదాకా నేను పదకొండు ప్రాణులకు మత్తు ఇచ్చాను. తొమ్మిదిమంది ఆడపిల్లలు, ఒక బ్యాంకు వాచ్‌మన్, ఒక ఆల్సేషియన్ కుక్క. అందరూ మూడు సెకన్లలో ఒరిగిపోయారు. ఎవరికీ వాంతి కాలేదు, ఎవరికీ ఊపిరి ఆగలేదు, ఎవరి బొట్టూ చెదరలేదు. లేవాల్సిన టైముకి, అంటే వారపత్రికలో "సశేషం" అచ్చయ్యే చోటికి ఒక్క పేరా ముందు, ఠంచనుగా కళ్లు తెరిచి "నేనెక్కడున్నాను?" అన్నారు. కుక్క ఒక్కటే అనలేదు.

ఇలాంటి రికార్డు ప్రపంచంలో ఏ మత్తు డాక్టరుకీ లేదని మా మేనకోడలు అంటుంది. అనడానికి ఆమెకు అర్హత ఉంది. ఆమె మత్తు డాక్టరు. నేను సీరియల్ రచయితని.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు, భోగిమంటలో వేద్దామని అటక మీంచి దించిన చెత్తలో నా నవల ఒకటి ఆమె కంటపడింది. అరిసె కొరుకుతూ చదవడం మొదలుపెట్టింది. నలభయ్యో పేజీ దగ్గర నమలడం ఆగింది.

"మావయ్యా, వీడు రుమాలు ముక్కు దగ్గర పెట్టాడు, ఆ అమ్మాయి పడిపోయింది. అంతేనా?"

"అంతేనమ్మా. క్లోరోఫామ్ కదా."

"మూడు సెకన్లలోనా?"

"ముందు రెండే రాశాను. నమ్మేట్టు ఉండాలని ఎడిటరుగారు మూడు చేశారు."

ఆమె నవ్వలేదు. అరిసె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వాళ్ల ఆస్పత్రిలో పీజీ పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. క్లోరోఫామ్ పీల్చిన మనిషి తెలివి తప్పడానికి నిమిషాలు పడుతుందట, సెకన్లు కాదు. అదీ ఆ మనిషి బుద్ధిగా పడుకుని, డాక్టరు చెప్పినట్టు పీలిస్తే. పెనుగులాడేవాళ్ల సంగతి వేరు. పైగా మొదట్లో ఆ మందు మనిషిని పడుకోబెట్టదు, రెచ్చగొడుతుంది. అరుస్తారు, తన్నుతారు, కరుస్తారు. ఆ తర్వాతే ఒళ్లు వదలడం.

సరే, ఆ లెక్కన నా నలభయ్యో పేజీని తిరగరాద్దామని కూర్చున్నాను. ఇలా వచ్చింది.

మారుతీ ఓమ్నీ. (తెలుగు కథలో ఎత్తుకుపోవడానికి ఇంకో బండి లేదు. ఆ కంపెనీ ఆ మోడల్ ఆపేశాక కిడ్నాపులు ఎలా జరుగుతున్నాయో నాకు అర్థం కాదు.) ఎవరూ చూడకుండా అద్దాలు ఎత్తేశారు. ఒకడు చేతులు పట్టుకున్నాడు, ఒకడు కాళ్లు. మూడోవాడు రుమాలు నొక్కాడు. మొదటి నిమిషం అమ్మాయి ఊపిరి బిగబట్టింది. రెండో నిమిషం మూడోవాడి బొటనవేలు కొరికింది. మూడో నిమిషానికి రుమాలు ఆరిపోయింది, మళ్లీ తడపాలి, సీసా మూత ఎక్కడో సీటు కింద పడింది. వ్యానంతా తియ్యటి ఆవిరి. డ్రైవరు ఆవలించాడు. నాలుగో నిమిషంలో కాళ్లు పట్టుకున్నవాడు "అన్నా, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు. ఐదు దాటాక అమ్మాయి ఒళ్లు వదిలింది. హమ్మయ్య అనుకున్నారు. అక్కడే అసలు చాకిరీ మొదలైంది. గడ్డం పైకెత్తి పట్టుకోకపోతే నాలుక వెనక్కి జారి ఊపిరి అడ్డం పడుతుంది. ఒకడు గడ్డానికి. నాడి చూడాలి. ఒకడు నాడికి. వాంతి వస్తే తల పక్కకి తిప్పాలి. ఇంకొకడు దానికి. అప్పుడు దళనాయకుడు అడిగాడు: "ఒరేయ్ సత్తిగా, అమ్మాయి పొద్దున్న ఏం తిందో కనుక్కున్నావా?"

ఇది కిడ్నాప్ కాదు, ఆపరేషన్ థియేటర్. ఇంత ఓపికా ఇంత బాధ్యతా ఉన్న కుర్రాళ్లు విలన్ దగ్గర ఎందుకుంటారు, నీట్ రాసేవాళ్లు కదా.

ఈ రుమాలు భ్రమ మన సొంతం కాదు, దిగుమతి సరుకు. అయితే అది పుట్టిన చోట కూడా దీన్ని ఎప్పుడో ఉతికి ఆరేశారు. 1847 నవంబరు 4న ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే కాన్పుల డాక్టరు రాత్రి భోజనాల బల్ల దగ్గర ఇద్దరు మిత్రులతో కలిసి క్లోరోఫామ్ పీల్చి చూశాడు. ముగ్గురూ బల్ల కిందకి చేరారు. ఆ మందు లోకానికి అలా తెలిసింది. మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి ఆ మందు కిందే పోయింది. ఆ పిల్ల మందంటే ముందునుంచే భయపడి ఏడుస్తూ ఉంది. ఆ ఏడుపు గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఆ తర్వాత లండనులో పుకార్లు. దొంగలు రుమాలు ఊపి దారినపోయేవాళ్లని పడగొట్టి జేబులు కొడుతున్నారని. దాంతో లార్డ్ క్యాంప్‌బెల్ అనే పెద్దమనిషి 1851లో క్లోరోఫామ్‌తో చేసే నేరాలకి శిక్ష పెడుతూ చట్టం పట్టుకొచ్చాడు. దాన్ని ఎదిరించినవాడు జాన్ స్నో. కలరా నీళ్ల వల్ల వస్తుందని తర్వాత నిరూపించిన మనిషే. ఇలా చిటికెలో మనిషిని పడగొట్టడం అయ్యే పని కాదు నాయనా అని ఆ కాలంలోనే మొత్తుకున్నాడు. మాటలతో ఆగలేదు. 1853 ఏప్రిల్లో విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పుకి ఆయనే క్లోరోఫామ్ ఇచ్చాడు. ఎలా ఇచ్చాడనుకున్నారు? మడతపెట్టిన రుమాలు మీద.

యాభైమూడు నిమిషాలు.

రుమాలు అసలుదే, మందు అసలుదే, ఇచ్చేవాడు ఆ విద్యలో ఆ కాలానికి సాటిలేనివాడు, పుచ్చుకునే ఆవిడ ఇష్టపడి పీల్చింది. అంతసేపూ రాణిగారు పూర్తిగా తెలివి తప్పలేదు. నొప్పి తగ్గింది, అంతే. స్నో కావాలనే అలా కొద్దికొద్దిగా ఇచ్చాడు. మన సత్తిగాడు మాత్రం బస్టాపులో నిలబడ్డ డిగ్రీ పిల్లని మూడు సెకన్లలో పడగొడతాడు.

ఇంతకీ నాకు బాగా సిగ్గనిపించిన విషయం ఇది కాదు. క్లోరోఫామ్ మీద ప్రపంచంలోనే పెద్ద రగడ జరిగింది ఎక్కడో తెలుసా? మన హైదరాబాదులో. 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి, హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ కూర్చుంది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ దానికి మూలపురుషుడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చాడు. 'లాన్సెట్' పత్రిక తరఫున లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరుని ఓడెక్కించి రప్పించారు. కుక్కలు, కోతులు, ఇంకా ఏవేవో, వందలాది మూగజీవాలకి మందు పట్టి చూశారు. (నా ఆల్సేషియన్ ఆ కాలంలో పుట్టలేదు, బతికిపోయింది.) ఒకటే ప్రశ్న: క్లోరోఫామ్ చంపినప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెనా? ఊపిరే, దాన్ని కనిపెట్టుకుని ఉంటే గుండెకి ఢోకా లేదు అని లారీగారు ఘంటాపథంగా తేల్చారు.

తేల్చింది తప్పని తర్వాత తేలింది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన పిల్లుల మీద చూపించాడు. మత్తు పూర్తిగా పట్టకముందు, సగం మెలకువలో, ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి వణికి ఆగిపోగలదు. అడ్రినలిన్ ఎప్పుడు పెరుగుతుంది? భయపడ్డప్పుడు. పెనుగులాడినప్పుడు. హానా గ్రీనర్ ఏడుపు గుర్తుందా? ఆ పిల్ల అచ్చంగా ఇలాగే పోయిందని ఎవరూ ప్రమాణం చేయలేరు గానీ, అనుమానం అటే పోతుంది. అంటే భయంతో వణికిపోతూ గింజుకుంటున్న మనిషి ముక్కుకి క్లోరోఫామ్ నొక్కడం ఉందే, ఆ మందుని ఎంత ప్రమాదకరంగా వాడొచ్చో అంత ప్రమాదకరంగా వాడటం అది. నేను తొమ్మిదిమంది ఆడపిల్లలకి చేసింది అదే.

ఆ కమిషన్ పనిలో పాలుపంచుకున్న వాళ్లలో డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదువుకున్న పార్సీ మహిళ. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలని ఆవిడని చెప్పుకుంటారు. ఆవిడ పనిచేసిన అఫ్జల్‌గంజ్‌కీ, ఇవాళ క్లోరోఫామ్ సీన్లు వండే ఫిలింనగర్‌కీ మధ్య సిటీ బస్సులో పోయేంత దూరం. నిజాం డబ్బుతో నూటముప్ఫై ఏళ్ల కిందట మొదలైన విచారణ ఫలితం ఆ బస్సెక్కి ఇంకా చేరలేదు. ట్రాఫిక్ అలా ఉంటుంది మరి.

రుమాలు తర్వాత మన సాహిత్యంలో రెండో మహత్తర ఆయుధం డాక్టరుగారి తోలుసంచి. పాత సినిమాల్లో చూసే ఉంటారు. జమీందారు గారికి కబురు అందుతుంది, గుండె పట్టుకుంటారు, డాక్టరు మేడ మెట్లు దిగుతూ కనిపిస్తాడు. "పెద్ద షాక్ తిన్నారు. మత్తు ఇంజక్షన్ ఇచ్చాను. తెల్లారేదాకా ఎవరూ లేపకండి." ఇచ్చి కారెక్కి వెళ్లిపోతాడు. లోపల పెద్దాయన ఊపిరి తీస్తున్నాడో లేదో ఎవరు చూస్తారు? తలుపు దగ్గర వంటమనిషి.

మా మేనకోడలికి ఇక్కడ ఒళ్లు మండుతుంది. "మావయ్యా, మందు ఇవ్వడం మా పనిలో వీసమెత్తు. కూర్చుని చూడటమే పని" అంటుంది. వేలికి తొడిగే క్లిప్పు ఆక్సిజన్ చెబుతుంది, ఇంకో గీత వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ లెక్క చెబుతుంది, ఇంకోటి గుండె గీత. ఆ గీతలు చూస్తూ గంటలు గంటలు కూర్చోవాలి. ఎవరూ చూడకపోతే ఏమవుతుందో 2009 జూన్‌లో లోకమంతా చూసింది. మైకేల్ జాక్సన్ అంతటివాడు, డబ్బుకి కొదవలేనివాడు, సొంత డాక్టరు చేత ఇంట్లో పడకగదిలో ప్రొపొఫాల్ ఎక్కించుకున్నాడు. పాలలా తెల్లగా ఉండే మందు, ఆపరేషన్ థియేటర్లో రోజూ వాడేదే. మందు తప్పుడుది కాదు, గది తప్పుడుది. కాపలా సరిగ్గా లేదు. ఆ డాక్టరుకి 2011లో జైలుశిక్ష పడింది. మన కథల్లో డాక్టరుకి మాత్రం వెళ్తూ వెళ్తూ కాఫీ ఇస్తారు.

అసలు మన కథల్లో మత్తు డాక్టరు అనే మనిషే లేడు. ఎర్రబల్బు వెలుగుతుంది. బంధువులు దేవుడి పటం ముందు నిలబడతారు. బల్బు ఆరుతుంది. సర్జన్ బయటికొచ్చి కళ్లద్దాలు తీసి రెండే రెండు రకాల వాక్యాల్లో ఒకటి చెబుతాడు. ఆయన కోస్తున్నంతసేపూ ఆ మనిషి ఊపిరిని ఎవరు నడిపారు? బల్బు నడిపిందేమో. కొమ్మూరి వేణుగోపాలరావు గారు స్వయంగా డాక్టరు, 'హౌస్ సర్జన్' అనే నవల రాశారు. అలాంటివాళ్లు ఉన్న భాషలో మిగతావాళ్లం ఇంత ధీమాగా బల్బుల మీద బతికేస్తున్నాం. ఫలితం బిల్లు కౌంటరు దగ్గర కనిపిస్తుంది. "మత్తు డాక్టరు ఫీజు" అన్న గీత మీద వేలు పెట్టి "ఒక్క సూది పొడిచినందుకా ఇంత?" అని తగువు. ఆ తగువు పడినవాళ్లలో నేనూ ఉన్నాను.

అవును, నాకూ ఆపరేషన్ అయింది. హెర్నియా. కెమెరా గొట్టం పెట్టి చేసే రకం, పూర్తి మత్తు కావాలన్నారు. ముందురోజు ఒక కుర్ర డాక్టరమ్మ వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టింది. కదిలే పళ్లున్నాయా, గురక పెడతారా, ఇంతకుముందు మీకు గానీ ఇంట్లోవాళ్లకి గానీ మత్తు పడనిది ఉందా. రాత్రి తర్వాత ఏమీ తినకండి, ఆరు గంటల ముందునుంచి ఘనపదార్థం పనికిరాదు, మంచినీళ్లయితే రెండు గంటల ముందుదాకా పర్వాలేదు అంది. నేను తల ఊపాను. నలభై ఏళ్లుగా మత్తు ఇస్తున్నవాణ్ణి, నా పాత్రల్లో ఒక్కరూ ఖాళీ కడుపుతో పడుకోలేదు. పెళ్లి భోజనాల మధ్య పడగొట్టినా లేచి పాట పాడారు.

పొద్దున్న ఆరున్నరకి పెసరట్టు ఉప్మా తిన్నాను. ఆస్పత్రి ఎదురుగానే బండి. అల్లం పచ్చడి వేరే చెప్పాలా. పది గంటలకి థియేటర్. ఏమన్నా తిన్నారా అంటే లేదన్నాను. మా ఆవిడ నా మొహంలోకి చూసింది, డాక్టరమ్మ మొహంలోకి చూసింది. "చెప్పండీ" అంది. నేను చెప్పలేదు. ఆవిడే చెప్పేసింది, అల్లం పచ్చడితో సహా.

ఆపరేషన్ రద్దు. సర్జన్‌కి కోపం, నాకు పరువు నష్టం. "ఒక్క పెసరట్టే కదమ్మా" అని బతిమాలాను. ఆ పిల్ల గొంతు పెంచకుండా చెప్పింది: "మీరు నిద్రపోతే మీ గొంతు దగ్గర కాపలా కూడా నిద్రపోతుందండీ. కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే, అప్పుడు హెర్నియా గురించి ఆలోచించే తీరిక మీకూ ఉండదు, మాకూ ఉండదు." అబద్ధం చెప్పేవాళ్లు చాలామందే ఉంటారట. ఎందుకు చెబుతారంటే, అదంత పెద్ద విషయమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. సినిమా చెప్పలేదు, సీరియల్ చెప్పలేదు, నేను చెప్పలేదు.

మర్నాడు నిజంగా ఖాళీ కడుపుతో వెళ్లాను. ఒంటికి చల్లగా గది, నెత్తిన దీపాలు, చేతికి సూది. నేను రాసినట్టు గిరగిర తిరిగే వలయాల కోసం ఎదురుచూస్తున్నాను. డాక్టరమ్మ "మీదేవూరండీ?" అంది. "తెనాలి దగ్గర" అన్నాను.

"అమృతలూరు" అన్నాను. అప్పటికి ఆపరేషన్ అయిపోయి గంటయింది. వేరే గదిలో ఉన్నాను. గొంతు గీరుకుపోయి ఉంది, ఒళ్లు వణుకుతోంది, పక్కన నర్సు "అన్నీ అయిపోయాయి బాబాయ్" అంటోంది. వలయాల్లేవు, కలల్లేవు, చిన్ననాటి స్నేహితురాలి మొహం లేదు. వాక్యం మధ్యలో కత్తిరించి అతికించారు, అంతే. రచయితగా నేను ఇంత కచ్చితమైన కోత జీవితంలో ఒక్కటీ కోయలేదు. గొంతు గీరుకుపోవడం గొట్టం వల్లట. ఆ గొట్టం స్వరతంత్రుల మధ్యనుంచి దిగుతుంది, అది ఉన్నంతసేపూ మాట రాదు. మరి మన సీరియల్లో వెంటిలేటర్ మీద ఉన్న అత్తగారు ఆస్తి పంపకాలు, అసలు తండ్రి ఎవరన్న రహస్యం, చివరగా "నన్ను క్షమించమ్మా" అన్నీ పలికి తల వాలుస్తుంది. లిప్‌స్టిక్ చెదరకుండా.

గ్యాస్ సంగతి కూడా అనుకుందాం. బ్యాంకులో సీసా దొర్లించగానే కాపలావాళ్లంతా వరసగా పడుకుంటారు, హీరో ముక్కుకి గుడ్డ కట్టుకుని డబ్బు తీసుకుని వెళ్తాడు, వాళ్లంతా ఒళ్లు విరుచుకుంటూ లేస్తారు. నా వాచ్‌మన్ కూడా ఇలాగే లేచి ఇంటికెళ్లి భోంచేశాడు. 2002 అక్టోబరులో మాస్కోలో ఒక నాటకశాలని సాయుధులు ఆక్రమించి వందలమందిని బందీలుగా పట్టుకుంటే, రష్యా ప్రభుత్వం లోపలికి మత్తు గ్యాస్ వదిలింది. ఫెంటనిల్ జాతిదని తర్వాత చెప్పారు. ఒక మహా రాజ్యం, దాని శాస్త్రవేత్తలు, దాని సైన్యం. నూటముప్ఫైమంది దాకా బందీలు చనిపోయారు, దాదాపు అందరూ ఆ గ్యాస్ వల్లే. ఒకే గదిలో పసిపిల్లకీ పహిల్వానుకీ సరిపోయే మోతాదు ఉండదు. పడుకున్నవాళ్లని పక్కకి తిప్పి ఊపిరి చూసేవాళ్లు చాలినంతమంది లేరు. ఇది చదివాక నా వాచ్‌మన్ గురించి రెండు రాత్రులు నిద్రపట్టలేదు. అతనికి ఆస్తమా అని పదో పేజీలో నేనే రాశాను.

నిజం చెప్పించే ఇంజక్షన్ గురించి ఎక్కువ చెప్పను, దాన్ని సుప్రీంకోర్టే చూసుకుంది. 2010 మేలో సెల్వి కేసులో, మనిషి ఇష్టం లేకుండా నార్కో పరీక్ష చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. మన తెర మీద మాత్రం ఇప్పటికీ సూది దిగిన మరుక్షణం విలన్ తేదీలు, బ్యాంకు అకౌంటు నంబర్లు, శవాన్ని పాతిన చోటు వరస తప్పకుండా అప్పజెబుతాడు. మత్తులో సగం తేలే మనిషి నోరు అదుపు తప్పుతుంది గానీ, అది నిజంవైపే తప్పాలని రూలేం లేదు. మా మేనకోడలి దగ్గర ఒక పెద్దాయన లేస్తూ లేస్తూ తాను కలెక్టరునని వార్డు మొత్తాన్ని సస్పెండ్ చేశాడట. ఆయన ఎలక్ట్రికల్ షాపు ఓనరు.

ఇదంతా చెబితే మా వాళ్లు ఏమంటారో నాకు తెలుసు. "కథకి లాజిక్ ఎందుకు గురూ, మ్యాజిక్ ఉంటే చాలు." ఈ మాట అనేవాళ్లనే చూశాను. హీరో చేతిలో తుపాకీ ఏ మోడలో, అందులో ఎన్ని తూటాలు పడతాయో మూడు రోజులు వెతుకుతారు. ఫైటుకి మాస్టరు, డాన్సుకి మాస్టరు, తెరమీద గుర్రం కనిపిస్తే జంతు సంక్షేమ మండలి నుంచి కాగితం. హీరో సిగరెట్టు వెలిగిస్తే మూల నుంచి హెచ్చరిక. ఒక అమ్మాయి ముక్కు నొక్కి ఊపిరి ఆపేసే సీనుకి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, అది మ్యాజిక్. మ్యాజిక్ అనే మాటకి అర్థం తెలుసా? రచయితకి ఇక్కడ కథ కదలలేదు, ఎవరో ఒకరు స్పృహలో లేకపోతే గానీ తర్వాతి సీనుకి దారి లేదు. అంతకుమించి అందులో ఇంద్రజాలం ఏమీ లేదు. మూడు సెకన్లలో పడిపోయేది పాత్ర కాదు. నేను ఆ పేజీ రాసింది రాత్రి రెండు గంటలకి, ప్రెస్సు కుర్రాడు గుమ్మంలో కూర్చుని ఉంటే. మత్తులో ఉన్నది ఎవరో మీరే ఊహించుకోండి.

పైగా నష్టం ఎవరికి? సరిగ్గా రాస్తే కథే లాభపడుతుంది. నా పెసరట్టు చూడండి, ఒక్క అబద్ధం చుట్టూ ఎంత ఉత్కంఠ. ఎండోస్కోపీకి ఇచ్చే తేలిక మత్తులో మనిషి పలకరిస్తే పలుకుతాడట, తిరగమంటే తిరుగుతాడట, మర్నాడు ఆ పావుగంటలో ఒక్క ముక్కా గుర్తుండదట. తాను ఏం మాట్లాడానో తనకే తెలియని పావుగంట. మా మేనకోడలు దాన్ని జలుబు మాత్ర గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది, నాకు ఒళ్లు జలదరించింది. ఇలాంటివి వదిలేసి రుమాలు పట్టుకు వేలాడాం.

పత్రికలకి నేను రాయడం మానేశాను గానీ, టీవీ సీరియల్ రాసే కుర్రాడొకడు అప్పుడప్పుడు సలహాకి ఫోన్ చేస్తుంటాడు. పోయిన వారం చేశాడు.

"సార్, మీ మేనకోడలుగారిని ఒక్కమాట అడిగి చెప్పండి. కోడలు పిల్లకి సోమవారం ఎపిసోడ్‌లో మత్తు ఇస్తాం. శుక్రవారం యాడ్‌లోపు లేవచ్చా?"

అడిగాను. అవతల ఆస్పత్రి వరండా చప్పుడు, ఎవరో స్ట్రెచర్ తోస్తున్నారు. కాసేపాగి అంది, "ఎప్పుడు తిందట మావయ్యా?"

కుర్రాణ్ణి అడిగాను. "గృహప్రవేశం సీనండీ. భోజనాలయ్యాక. పూర్ణాలు, పులిహోర, అన్నీ."

చెప్పాను.

"అయితే రేపటికి వాయిదా వేయమను" అని ఫోన్ పెట్టేసింది.